పాము కాటుకు పోయిన ప్రాణం: దేవుడి రాతా, మన చేతా?

గోధూళి (ప్రశ్న)

ఊళ్లో ఎవరైనా పాము కరిచి పోతే, పరామర్శకు వచ్చినవాళ్ల నోట ముందుగా వచ్చే మాట "నూకలు చెల్లాయి, ఎవరేం చేస్తాం" అనే. పక్కనుంచి ఇంకొకరు "ఏ జన్మలో ఏ పామును చంపాడో" అంటారు. దినవారాల్లో పురాణం చెప్పేవారు భారతంలోని గౌతమి కథ ఎత్తుకుంటారు. కొడుకును పాము కరిచి చంపితే ఆ తల్లి పామును వదిలేయమందనీ, చివరికి కాలుడే వచ్చి "ఇది ఆ పిల్లవాడి కర్మ" అని తేల్చాడనీ. విన్నవాళ్లంతా తలలూపుతారు. మర్నాడు రాత్రి అదే గట్టు మీద చెప్పుల్లేకుండా, లైటు లేకుండా నీళ్లు కట్టడానికి వెళ్తారు.

రెండు విషయాలు తెలియాలి. ఆ కథ నిజంగా అంతే చెబుతోందా? పాము కాటు చావుల్లో మనిషి చేతిలో ఉన్నది ఎంత, ఎక్కడెక్కడ చేయి జారుతోంది? మూఢనమ్మకమని కొట్టిపారేసే జవాబులు వద్దండీ, నాస్తికులని తిట్టే జవాబులూ వద్దు. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని చెప్పగలిగేలా చెప్పండి.

తాటాకు

గోధూళి గారూ, మీరు విన్న కథ నిజమే. కానీ సగమే చెబుతున్నారు.

ఆనుశాసనిక పర్వం మొదట్లోనే వస్తుంది ఇది. గౌతమి ముసలావిడ. కొడుకు పాము కరిచి పోయాడు. అర్జునకుడనే వేటగాడు ఆ పామును నరంతో కట్టి తెచ్చి, "నిప్పులో వేయనా, ముక్కలు చేయనా" అని అడుగుతాడు. "దీన్ని చంపితే నా బిడ్డ లేచి రాడు, వదిలెయ్యి" అంటుంది. పాము "నాదేం లేదు, మృత్యువు పంపితే వచ్చాను" అంటుంది. వేటగాడు ఊరుకోడు. కుండ చేయడానికి సారె, కర్ర కారణమైనట్టు నువ్వూ కారణమేనంటాడు. అప్పుడు మృత్యువు వచ్చి, గాలి తోలితే మబ్బు కదిలినట్టు కాలుడు నడిపిస్తే నడిచానంటుంది. ఆఖర్న కాలుడు వచ్చి, నేనూ కాదు, మృత్యువూ కాదు, పామూ కాదు, ఆ పిల్లవాడి కర్మే అంటాడు.

ఇప్పుడు ఈ కథ ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి. అంపశయ్య మీద ఉన్న భీష్ముడు ధర్మరాజుకు చెబుతున్నాడు. ఇంతమంది చావుకు నేనే కారణమని కుమిలిపోతున్నవాడికి, ఆ కుమిలిపోవడం ఆగాలని చెబుతున్నాడు. కథలోనూ పిల్లవాడు పోయాకే ఈ చర్చ మొదలవుతుంది. వైద్యుడిని పిలవాలా వద్దా అనే ప్రశ్న అందులో ఎక్కడా లేదు. అది పగ చల్లార్చే కథ. "బిడ్డ చావుకు నా కర్మ కూడా కారణమే" అనే మాట గౌతమి తన నోటితో తాను అంటుంది. ఊరివాళ్లు వచ్చి ఆవిడతో అనలేదు. తన దుఃఖం దిగమింగుకోవడానికి మనిషి తనకు తాను చెప్పుకునే మాటను, పక్కింటివాళ్లు వచ్చి చెబితే అది నింద అవుతుంది. పురాణం చెప్పేవారు ఈ తేడా ఒక్కటి పట్టించుకుంటే చాలు.

రెండో సగం, అదే పర్వంలో కొద్ది అధ్యాయాల తర్వాత ఉంది. దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని ధర్మరాజు సూటిగా అడుగుతాడు. అక్కడ "క్షేత్రం పురుషకారస్తు దైవం బీజముదాహృతమ్" అని జవాబు. మనిషి ప్రయత్నం పొలం, దైవం విత్తనం, రెండూ కలిస్తేనే పంట. పొలం దున్నకుండా విత్తనం మీద నింద వేయడానికి లేదు. గీత 18వ అధ్యాయంలో ఒక పని జరగడానికి అయిదు కారణాలు లెక్కపెట్టారు: చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. దైవం లెక్కలో ఉంది, కానీ మిగతా నాలుగూ అయ్యాక.

పాము కథే కావాలంటే పరీక్షిత్తుది చెప్పండి. ఏడు రోజుల్లో తక్షకుడి విషంతో చస్తావని శాపం. అంతకంటే గట్టి రాత ఇంకేం ఉంటుంది? అయినా ఆ రాజు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒంటిస్తంభపు మేడ కట్టించుకున్నాడు, వైద్యులను, మందులను దగ్గర పెట్టుకున్నాడు. కాశ్యపుడనే విషవైద్యుడు బయల్దేరి వస్తుంటే తక్షకుడు దారిలో ఆపి, అతని విద్యను మర్రిచెట్టు మీద పరీక్షించి, ఓడి, అడిగినంత ధనమిచ్చి వెనక్కి పంపాడు. రాజుకు ఆయువు లేదని కాశ్యపుడు ధ్యానంలో తెలుసుకున్నాడని భారతమే అంటుంది, నిజమే. అయినా డబ్బు తీసుకుని తిరిగిపోయిన వైద్యుడి సంగతి దాచకుండా చెప్పింది.

రాత్రిడ్యూటీ

రెండో ప్రశ్నకు నేను చెబుతాను.

2000 నుంచి 2019 దాకా 20 ఏళ్లలో మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ చావులు కొన్ని రాష్ట్రాల్లోనే, వాటిలో మన తెలుగు నేలా ఉంది. దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్య. విరుగుడు మందు దేశంలోనే తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికీ ఒకటే మందు. అంటే కాటు పడ్డ క్షణానికీ చావుకీ మధ్య చాలా మెట్లున్నాయి, ప్రతి మెట్టు దగ్గరా ఒక మనిషి ఉన్నాడు.

మొదటి మెట్టు, కాటు అని తెలియడం. పింజర కాటు దాచినా దాగదు. నొప్పి, వాపు, కాసేపటికి చిగుళ్లలో నెత్తురు. కట్లపాము అలా కాదు. నేల మీద పడుకున్నవాళ్లను అర్ధరాత్రి కరుస్తుంది, చాలాసార్లు దోమ కుట్టినంత కూడా తెలియదు, గాటు కనిపించదు. తెల్లవారుజామున కడుపు నొప్పి, వాంతి అని లేస్తారు. గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు. ఆ టైములో చూడాల్సింది కళ్లు. "పైకి చూడు" అనండి. రెప్పలు సగంలోనే ఆగిపోతే, మాట ముక్కుతో వస్తుంటే, తల దిండు మీంచి ఎత్తలేకపోతుంటే, ఉమ్మి మింగలేకపోతుంటే అది పాము విషమేనని అనుకుని కదలండి. ఆ తర్వాత పడిపోయేది ఊపిరి కండరాలు.

రెండోది, కట్టు. తాడుతో, తువ్వాలుతో బిగించి కట్టడం మాన్పించాలి. కింద రక్తం ఆగి కాలు కుళ్లుతుంది. పైగా విప్పగానే ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి ఎక్కుతుంది. ఇప్పటికే కట్టేసి ఉంటే దారిలో మీరు కోసేయకండి. ఆసుపత్రిలో మందు ఎక్కడం మొదలయ్యాక వాళ్లు విప్పుతారు. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పోయడం ఏదీ వద్దు. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు ఆ కాలికో చేతికో బద్ద పెట్టి కదలకుండా కట్టండి. మెట్టెలు, ఉంగరాలు, పట్టీలు, గాజులు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక అవే వేలిని కోస్తాయి. నడిపించొద్దు. 108కి చేయండి, అది రావడానికి టైము పట్టేలా ఉంటే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లండి. పామును చంపి తేవాల్సిన పని లేదు, ఆ ప్రయత్నంలో రెండోవాడు కాటు తింటాడు.

మంత్రం గురించి ఒక్క మాట. మన దగ్గర కనిపించే పాముల్లో చాలావాటికి విషం ఉండదు. విషం ఉన్నది కరిచినా ప్రతిసారీ విషం వదలదు. ఇలాంటివాళ్లు మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. అందుకే మంత్రగాడికి పేరు వస్తుంది. విషం నిజంగా ఎక్కినవాడికి మాత్రం మంత్రగాడి దగ్గర పోయే ఆ రెండు గంటలే ప్రాణం. దేవుడిని తలుచుకోవాలంటే బండిలో తలుచుకోండి.

మూడోది, పరీక్ష. కొత్త, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా కారితే పింజర విషం ఎక్కిందని అర్థం. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గాజు వాడినా రక్తం గడ్డకట్టదు, లెక్క తప్పుతుంది. మధ్యలో ఊపి చూసినా అంతే. ఇంత చిన్న పరీక్ష, పెద్ద ల్యాబ్ అక్కర్లేదు.

నాలుగోది మందు. గుర్తులు కనిపించాక 8 నుంచి 10 వయల్స్ (మందు సీసాలు) సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. పిల్లలకీ అదే డోసు, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం వదలదు. పింజర కాటైతే 6 గంటలకు మళ్లీ గొట్టం పరీక్ష, రక్తం ఇంకా గడ్డకట్టకపోతే మళ్లీ మందు. ఈ మందు రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. నరాలకు అతుక్కుపోయిన విషాన్ని ఊడదీయలేదు. ఆలస్యమైతే వయల్స్ ఎన్ని ఎక్కించినా రెప్పలు లేవకపోవడానికి కారణం ఇదే. అప్పుడు కాపాడేది శ్వాస. వెంటిలేటర్ ఉంటే వెంటిలేటర్, లేకపోతే అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) నొక్కుతూనే ఉండాలి. కట్లపాము విషం దిగేదాకా ఊపిరి అందిస్తే మనిషి పూర్తిగా కోలుకుంటాడు. నాగుపాము కాటుకు అట్రోపిన్ తర్వాత నియోస్టిగ్మిన్ ఇస్తే బాగా పనిచేస్తుంది, కట్లపాముకు అంతగా పనిచేయదు.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే తప్పు ఇక్కడే. విరుగుడు మందుకు రియాక్షన్ వస్తుందని భయపడి, చిన్న ఆసుపత్రిలో మందు ఉండి కూడా ఒక్క వయల్ ఎక్కించకుండా "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని చీటీ రాసేయడం. రియాక్షన్ వస్తుంది, నిజమే. దురద, దద్దుర్లు, బీపీ పడిపోవడం. మందు ఆపి, తొడ కండరంలో అడ్రినలిన్ (పెద్దవాళ్లకు అర మిల్లీలీటరు) ఇస్తే చాలామందిలో సర్దుకుంటుంది, తర్వాత మెల్లగా మళ్లీ మొదలుపెడతారు. రియాక్షన్‌కు మందు ఉంది. దారిలో ఊపిరి ఆగిపోతే లేదు. అలా పోయినవాడి ఇంట్లో "రాసిపెట్టి ఉంది" అనేస్తే, ఆ చీటీ రాసిన చేతిని ఎవరూ ఎప్పటికీ ప్రశ్నించరు.

గట్టుమీద

కాటు పడకముందు సంగతి ఎవరూ చెప్పలేదు.

డెల్టాలో కాలువలు వదలగానే గట్ల బొరియల్లోకి నీళ్లు వెళ్తాయి. ఎలుకలు పైకొస్తాయి, వాటి వెనకే పాములు. నాట్లప్పుడు కాటు పడేది పాదం, చీలమండ దగ్గర. పిక్కల దాకా వచ్చే గమ్‌బూట్లు వేసుకుంటే చాలావరకు ఆగుతుంది. నాటు వేసే బురదలో బూటు ఇరుక్కుంటుంది, వాడలేరు, అది నిజం. కానీ నీళ్లు కట్టడానికి, మందు కొట్టడానికి, గట్టు మీద నడవడానికి వాడొచ్చు. కోతలప్పుడు కాటు చేతి వేళ్ల మీద. కోసి పరిచిన పనల కింద పింజర చుట్టుకుని ఉంటుంది, ఎండుగడ్డి రంగులో కలిసిపోతుంది. పన ఎత్తేముందు కొడవలి కొనతోనో కర్రతోనో తిరగేయాలి, వట్టి చేయి కిందకి పెట్టకూడదు. కుక్కర్‌లోంచి ఆవిరి తన్నినట్టు బుస వినిపిస్తే అక్కడే ఆగి వెనక్కి అడుగు వేయాలి.

ఇంట్లో అయితే దోమతెర. మంచం లేకపోయినా సరే, చాప కింద నాలుగు వైపులా దోపితే కట్లపాము లోపలికి రాలేదు. ధాన్యం బస్తాలు, కట్టెల మోపు పడక గోడకు ఆనించి పెట్టొద్దు.

ఇంకొకటి. సేద్యానికి రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజుల్లో రైతు అర్ధరాత్రి లేచి చీకట్లో మోటారు వేయడానికి పోవాల్సి వచ్చేది. ఆ వేళలు పెట్టింది దేవుడు కాదు. ఆ రాత్రుల్లో కరిచిన పాములన్నిటినీ కర్మ ఖాతాలో రాయడం అన్యాయం.

2018 ఆగస్టులో దివిసీమలో కాట్లు బాగా పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో సర్పశాంతి యాగం చేశారు. నేను దాన్ని తప్పు పట్టను. ఆ స్వామి మీద నమ్మకంతోనే అక్కడి పల్లెలు బతుకుతున్నాయి. ఆ నమ్మకంతో గుడికి వచ్చిన ప్రతి ఇంటికీ తీర్థంతో పాటు ఒక జత బూట్లు, ఒక టార్చి కూడా అందాలని నా కోరిక. నాగులచవితికి పుట్ట దగ్గర చేరినంత మంది ఆడవాళ్లు ఇంకే ఆరోగ్య శిబిరానికీ రారు. మెట్టెలు తీయాలి, తాడు కట్టకూడదు అనే రెండు మాటలు చెప్పడానికి అంతకంటే మంచి రోజు లేదు.

గోధూళి

అందరికీ దణ్ణాలు. కానీ ఒకటి మిగిలిపోయింది. దోమతెర లేని ఇంట్లో మూడేళ్ల పిల్ల తల్లి పక్కలో పడుకుని కాటు తింటుంది. గంటలో ఆసుపత్రికి చేర్చారు, మందు ఎక్కించారు, అయినా దక్కలేదు. అక్కడ ఎవరి తప్పు? పిల్లదా, తల్లిదా?

తాటాకు

ఇద్దరిదీ కాదండీ. ఈ ప్రశ్న చరకుడి దాకా వెళ్తుంది. ఆయన పేరున్న ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో, విమానస్థానం అనే భాగం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువును అడుగుతాడు, ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అని. అందరికీ అలా నిర్ణయమై ఉంటే మందులెందుకు, విషజంతువులంటే భయమెందుకు అని గురువు ఎదురు చెబుతాడు. బండి ఇరుసును చూపిస్తాడు. మంచి ఇరుసు అరిగి అరిగి తన కాలానికి పోతుంది. అదే ఇరుసు బరువెక్కువైతే, దారి గతుకులైతే, చక్రం విరిగితే, తోలేవాడి తప్పైతే, సీల ఊడితే, కందెన లేకపోతే మధ్యదారిలోనే విరుగుతుంది. కాలమృత్యువు మొదటిది, అకాలమృత్యువు రెండోది. "దైవం పురుషకారేణ దుర్బలం హ్యుపహన్యతే", బలహీనమైన దైవాన్ని ప్రయత్నం కొడుతుంది. బలమైనది ప్రయత్నాన్ని కొడుతుంది. రెండూ ఒప్పుకున్నాడాయన.

మరి దేవుడు ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఎందుకు చేశాడంటే బ్రహ్మసూత్రాల్లో సూటిగా జవాబుంది, దేవుడికి పక్షపాతమూ లేదు, దయలేనితనమూ లేదు అని. శంకరులు వానతో పోలుస్తారు. వాన అన్నిటికీ ఒకటే, మొలకలో తేడా విత్తనానిది. ఆ విత్తనం ఎప్పటిదంటే అనాది అంటారు. తర్కంగా ఇది నిలుస్తుంది. కానీ ఇది దేవుడి మీద నేరం మోపేవాడికి ఇచ్చే జవాబు. పిల్లను పోగొట్టుకున్న తల్లి అడిగేది తర్కం కాదు, ఆ గుమ్మంలో దీన్ని విప్పకూడదు.

ఒలీవకొమ్మ

మా వైపు గ్రంథంలో ఇదే ప్రశ్న రెండుసార్లు వస్తుంది. పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు, ఇతను పాపం చేశాడా, కన్నవాళ్లు చేశారా అని అడిగితే, ఇతనూ కాదు, వాళ్లూ కాదు అన్నాడు యేసు. అని ఊరుకోలేదు, ఉమ్మితో బురద చేసి కళ్లకు పూశాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది పోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులని అనుకుంటున్నారా, కాదని చెబుతున్నాను అన్నాడు.

పరామర్శకు వెళ్లేవాళ్లకు, బైబిల్లో పిల్లలను, ఆస్తిని పోగొట్టుకున్న యోబు స్నేహితులు గుర్తుండాలి. వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక్క మాట లేకుండా నేల మీద కూర్చున్నారు. అదే వాళ్లు చేసిన మంచి పని. తర్వాత నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసే ఉంటావని వాదించారు. చివర్లో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వాళ్ల మీద.

సరాయి

చిన్న చేర్పు. సిరియాలో ప్లేగు ఉందని తెలిసి ఖలీఫా ఉమర్ దారిలోనే వెనక్కి తిరిగాడు. "అల్లాహ్ రాసినదాని నుంచి పారిపోతున్నారా" అని ఆయన సేనాని అబూ ఉబైదా అడిగితే, "అవును, అల్లాహ్ రాసినదాని నుంచి అల్లాహ్ రాసినదానిలోకే" అన్నాడు. లోయలో ఒక వైపు పచ్చిక, ఒక వైపు ఎండిన నేల ఉంటే ఒంటెను ఏ వైపు మేపినా అల్లాహ్ రాతే కదా, మరి పచ్చిక వైపే ఎందుకు తోలతావు అని అడిగాడు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడానికి ఇంతకంటే తేలికైన మాట నాకు తెలియదు.

రాత్రిడ్యూటీ

గోధూళి గారూ, మూడేళ్ల పిల్ల విషయంలో వైద్యం వైపు నుంచి కూడా చెప్పాలి. పిల్ల ఒళ్లు చిన్నది, విషం మోతాదు పెద్దవాళ్లకు పడ్డంతే, అందుకే తొందరగా పడిపోతుంది. ఇంకో సంగతి, మన విరుగుడు మందు తయారీకి విషం చాలాకాలంగా ఎక్కువగా తమిళనాడు నుంచే వస్తోంది. ఒకే జాతి పాము విషం ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల ఆ మందు అనుకున్నంత పట్టదు. తల్లి తప్పేమీ లేదు, డ్యూటీలో ఉన్నవాళ్ల తప్పూ లేకపోవచ్చు. ప్రాంతాలవారీగా విషం సేకరించి మందు చేస్తే ఆ తేడా తగ్గుతుంది, కాబట్టి దాన్ని కూడా పూర్తిగా దేవుడికి వదిలేయలేను.

మీ ఊరికి చేయగలిగింది ఒకటుంది. జూన్ రాకముందే నలుగురు కలిసి దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి అడగండి. విరుగుడు మందు ఎన్ని వయల్స్ ఉన్నాయి, వాటి మీద గడువు తేదీ ఎంత? ఒక మనిషికి మొదటి డోసుకే 10 దాకా కావాలి కాబట్టి కనీసం 20 ఉన్నాయా? అడ్రినలిన్, పిల్లల సైజు మాస్కుతో అంబు బ్యాగు, గాజు గొట్టాలు ఉన్నాయా? రాత్రి రెండింటికి తాళం ఎవరి దగ్గర ఉంటుంది? జవాబులు ఒక కాగితం మీద రాసి, కింద 108 అని వేసి, పంచాయతీ గోడ మీద, గుడి దగ్గర, చర్చి దగ్గర, మసీదు దగ్గర అంటించండి. మందు లేదన్నారంటే అదే రోజు జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.